తుపాను సంగతి తర్వాత, ముందు మామూలు రోజులు చూడరా

చిన్నా,

నీ మెసేజ్ రాత్రి పడుకోబోయే ముందు చూశాను. ఫోన్లో ఇంత టైపు చేసే ఓపిక లేదు, అందుకే పొద్దున్నే కాఫీ తాగేసి కంప్యూటర్ ముందు కూర్చున్నా. "అత్తా, 2024 మే తుపాను మీద పేపర్ రాసేద్దామనుకుంటున్నా, డేటా అంతా దొరికింది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటావ్" అన్నావు. పీహెచ్‌డీలో చేరి మూణ్ణెల్లు కాలేదు, అప్పుడే పేపరా! ఆ తొందర నాకూ ఉండేది, తప్పు పట్టను. మీ అమ్మ మాత్రం నిన్న ఫోన్ చేసి, "వీడేదో తుపానంటున్నాడు, మళ్లీ దివిసీమకేమన్నా ముప్పా" అని అడిగింది. ఇది సూర్యుడి నుంచి వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపే తుపాను, చుక్క వాన పడదు అని ఒకసారి ఆవిడకి చెప్పు, పాపం టెన్షన్ పడుతోంది.

ఇక నీ సంగతి. తుపాను రోజు డేటా పక్కన పెట్టు. నువ్వు ముందు చూడాల్సింది ఏమీ జరగని రోజులు. మన మిర్చి యార్డులో రోజూ ఏ రేటు పలుకుతుందో తెలియనివాడు ఇవాళ రేటు పడిపోయిందని ఎలా చెప్తాడు? అలాంటిదే ఇదీ. పైగా భూమధ్యరేఖ దగ్గర అయనావరణం, అంటే పైన ఎలక్ట్రాన్లు, అయాన్లు ఉండే పొర, మామూలు రోజుల్లో కూడా స్థిమితంగా ఉండదు. అయస్కాంత భూమధ్యరేఖకి అటూఇటూ మూడేసి డిగ్రీల సన్నని పట్టీలో, సుమారు 105 కిలోమీటర్ల ఎత్తున, పగటిపూట తూర్పు వైపు పెద్ద కరెంటు పారుతుంది. పెరూలో వాంకాయో అబ్జర్వేటరీ 1922లో పని మొదలుపెట్టాక అక్కడి అయస్కాంత సూచి పగలు మిగతా చోట్ల కంటే రెట్టింపు పైన ఊగుతోందని చూసి జనం బుర్రలు గోక్కున్నారు. 1951లో చాప్‌మన్ దానికి ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్ అని పేరు పెట్టాడు. అక్కడ అయస్కాంత రేఖలు నేలకి సమాంతరంగా పడుకుని ఉంటాయి కాబట్టి నిలువుగా పోదామనుకున్న కరెంటుకి దారి దొరక్క ఛార్జీ పేరుకుంటుంది, అది పుట్టించే విద్యుత్ క్షేత్రం తూర్పు కరెంటుని ఇంకా బలంగా తోస్తుంది. ఈ కరెంటు నేల మీద అయస్కాంత కొలతలో ఇవాళ మధ్యాహ్నం 40 నానోటెస్లాలు చూపిస్తే రేపు 80 చూపించొచ్చు, మధ్యలో సూర్యుడు ఏమీ చేయకపోయినా సరే. ఈ ఊగిసలాట ఎంతో తెలియకుండా తుపాను వల్ల ఇంత తగ్గింది, అంత పెరిగింది అని రాస్తే ఎలా?

ఈ గుంటలో నేనే పడ్డాను కాబట్టి చెప్తున్నా. రెండో ఏడాది, జూన్ నెల ఎలక్ట్రోజెట్ డేటా. అప్పట్లో చార్టు కాగితాలే, స్కేలు పెట్టి గంట గంటకీ కొలిచి నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్లం. ఒక రోజు మధ్యాహ్నం మూడింటికి గీత పెరగాల్సింది పోయి రాత్రి మట్టం కంటే కిందికి దిగింది. రెండు రోజుల ముందు ఒక చిన్న అయస్కాంత తుపాను వచ్చి ఉంది. నాకింకేం కావాలి! తుపాను తర్వాత గాలుల ప్రభావం అంటూ పన్నెండు పేజీలు రాసి, బొమ్మ ట్రేసింగ్ పేపరు మీద ఇండియన్ ఇంకుతో గీసి సెమినార్లో నిలబడ్డాను. వెనక బెంచీలో కూర్చున్న పెద్దాయన ఒకరు ఒకే ప్రశ్న అడిగారు: "అమ్మాయ్, ఆ నెలలో మిగతా మధ్యాహ్నాలు చూశావా?" చూడలేదు. వెనక్కి వెళ్లి చూస్తే ఏ తుపానూ లేని మరో మూడు రోజుల్లో అదే వంకర, అదే మూడింటికి. కౌంటర్ ఎలక్ట్రోజెట్ అంటారు దాన్ని, సూర్యుడు మందకొడిగా ఉన్న సంవత్సరాల్లో, వేసవి నెలల్లో మధ్యాహ్నం పూట మామూలుగా వచ్చేదే. పన్నెండు పేజీలూ అటకెక్కాయి. ఆ ఇంకు మరక మాత్రం చీర కొంగు మీద చాలా కాలం ఉంది.

కాబట్టి ఏ నెల తీసుకున్నా ఆ నెలలో అయిదు అతి ప్రశాంత దినాల జాబితా పెట్టుకో, జర్మనీలో పోట్స్‌డామ్ వాళ్లు ఇస్తారు. ఆ అయిదు గీతలూ ఒకదాని మీద ఒకటి వేసి, సగటు ఒక్కటే కాకుండా ఎంత మేర చెదిరాయో ఆ వెడల్పు కూడా గీయి. తుపాను గీత ఆ వెడల్పు దాటి బయటికి వచ్చిందా లేదా, అదీ నీ ప్రశ్న. చాలాసార్లు రాదు. రాకపోతే రాలేదని రాయి.

సూచీల విషయంలో ఒక మాట. కేపీ ఎంత, ఎంత అని అందరూ అదే జపం చేస్తారు గానీ, ఆ అయస్కాంత అలజడి సూచీ ఎక్కడో పై అక్షాంశాల్లో ఉన్న 13 స్టేషన్ల లెక్క, మూడు గంటలకోసారి. మన మధ్యాహ్నం గురించి దానికేం తెలుసు. తుపాను బలం చెప్పే డీఎస్‌టీ సూచీ కొంత నయం. హెర్మనస్, కాకియోకా, హోనలులు, శాన్ హువాన్, దాని స్టేషన్లు ఈ నాలుగూ ఎలక్ట్రోజెట్‌కి దూరంగా ఉన్నవే. తుపాను బలం దాంట్లో చూడు, ఎంత మైనస్‌లోకి దిగితే అంత పెద్ద తుపాను; మన దగ్గర ఎలక్ట్రోజెట్ ఎంతో తెలియాలంటే మాత్రం ఎలక్ట్రోజెట్ కిందున్న తిరునల్వేలి అబ్జర్వేటరీ గీతలోంచి దానికి దూరంగా ఉన్న అలీబాగ్ గీత తీసెయ్యి, రెంటికీ ముందు అర్ధరాత్రి విలువ తీసేశాక. గిన్నెతో సహా తూచి గిన్నె బరువు తీసేసినట్టన్నమాట. తుపాను వల్ల వచ్చే పెద్ద వలయపు కరెంటు రెండు చోట్లా దాదాపు ఒకేలా పడుతుంది కాబట్టి తీసివేతలో పోతుంది, మిగిలేది చాలావరకు ఎలక్ట్రోజెట్టే.

అన్నట్టు, అలీబాగ్ అబ్జర్వేటరీ ఎందుకు పుట్టిందో తెలుసా? బొంబాయిలో కొలాబా దగ్గర ఉండేది, ఎలక్ట్రిక్ ట్రాములు వస్తే కొలతలు పాడవుతాయని 1904లో అక్కడికి మార్చారు. విజయవాడ హాస్టల్ మేడ మీద మాగ్నెటోమీటర్ పెడతానన్నావు చూడు, దానికి నా జవాబు ఇదే. అన్ని రైళ్లు తిరిగే జంక్షన్ పక్కన నీకు భూమి కనపడదు, రైళ్ల టైమ్ టేబుల్ కనపడుతుంది. జీపీఎస్ ఆంటెన్నా పెట్టు, దాని సిగ్నల్‌లోంచి పైనున్న ఎలక్ట్రాన్ల లెక్క తెలుస్తుంది, అది చాలు.

ఆంటెన్నా గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే పుస్తకాల్లో ఇది ఉండదు. మా కాలేజీ మేడ మీద పెట్టినప్పుడు మొదటి నెలంతా రాత్రి తొమ్మిది ప్రాంతంలో గీతలో చిన్న చిన్న అలలు వచ్చేవి, సాయంత్రం సూర్యుడు దిగాక అయనావరణంలో పుట్టే ప్లాస్మా (ఎలక్ట్రాన్లు, అయాన్ల గుంపు) బుడగలే అనుకుని సంబరపడ్డాం. పది రోజుల గీతలు కింద కింద పేర్చి చూస్తే ఆ అలలు రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతున్నాయి. ఆకాశం అలా గడియారం పెట్టుకుని పని చెయ్యదు రా. జీపీఎస్ ఉపగ్రహాలే రోజూ నాలుగు నిమిషాల ముందు అదే చోటికి వస్తాయి. అంటే ఉపగ్రహం ఆ మూలకి వచ్చినప్పుడల్లా పక్కనున్న రేకుల షెడ్డు మీద సిగ్నల్ తగిలి వస్తోంది. ఆంటెన్నాని నాలుగు మీటర్లు జరిపి, 30 డిగ్రీల కింద ఉన్న ఉపగ్రహాలు తీసేస్తే మాయమైంది. రిసీవర్ని మాత్రం ఏసీ గదిలో పెట్టు. రోహిణి కార్తెలో బెజవాడ మేడ మీద డబ్బాలో పెడితే లోపల వేడికి రిసీవర్ బయాస్, అంటే అది తనంతట తాను కలిపే తప్పు, జరుగుతుంది, అదేదో అయనావరణం చేసిన పనిలా నీ గీతలోకి వచ్చి కూర్చుంటుంది.

బయాస్ సరిగ్గా తీశావో లేదో కనుక్కోవడానికి నా కిటుకు ఒకటే, తెల్లవారుజామున నాలుగు నుంచి అయిదు మధ్య టీఈసీ (సిగ్నల్ దారిలో ఉన్న మొత్తం ఎలక్ట్రాన్ల లెక్క) చూడు. అప్పుడు ఎలక్ట్రాన్లు అతి తక్కువ. నీ విలువ సున్నా కిందికి పోయిందంటే లెక్క తప్పు, ఎలక్ట్రాన్లు అప్పు తెచ్చుకోవు కదా. ఒక్క టీఈసీ యూనిట్ తేడా అంటే జీపీఎస్ ఎల్1 సిగ్నల్ మీద 16 సెంటీమీటర్ల దూరం, చిన్నదేం కాదు. గన్నవరం వచ్చే విమానానికి, జీపీఎస్ తప్పులు సరిచేసే మన గగన్ సిస్టమ్ ఇచ్చే దిద్దుబాటు కూడా ఈ లెక్కల మీదే నడుస్తుంది, మన దేశంలో ఆ సిస్టమ్‌కి పెద్ద తలనొప్పి అయనావరణమే.

ఇప్పుడు మన చోటు గురించి. పగలు తూర్పు విద్యుత్ క్షేత్రం ప్లాస్మాని భూమధ్యరేఖ మీద పైకి లేపుతుంది, అది అయస్కాంత రేఖల వెంబడి జారి రెండు వైపులా సుమారు 15 డిగ్రీల దగ్గర ఫౌంటెన్ నీళ్లలా పడి గుట్టగా పేరుకుంటుంది. మన వైపు ఆ గుట్ట అహ్మదాబాద్, భోపాల్ ప్రాంతాల్లో ఉంటుంది. గుంటూరు, బెజవాడ దాని లోయకీ గుట్టకీ నడిమధ్య, అయస్కాంత భూమధ్యరేఖకి సుమారు 8 డిగ్రీల పైన. ఈ ఫౌంటెన్ బలపడితే గుట్ట ఉత్తరానికి జరుగుతుంది, నీరసపడితే మన మీదికి వస్తుంది. కాబట్టి మన దగ్గర టీఈసీ పెరిగితే ఫౌంటెన్ పెరిగిందనుకోకు, తగ్గిందేమో కూడా చూడు. ఒక్క స్టేషన్‌తో దీన్ని తేల్చలేవు. హైదరాబాద్, బెంగళూరుల్లో అంతర్జాతీయ నెట్‌వర్క్ స్టేషన్లున్నాయి, ఆ డేటా పక్కన పెట్టుకో.

టైము దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. డేటా అంతా యూటీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, అయిదున్నర గంటలు కలపడం మర్చిపోయి మధ్యాహ్నపు గరిష్ఠాన్ని పొద్దున్నే వచ్చిందని రాసిన థీసిస్ నేను చేతుల్తో పట్టుకున్నాను. తుపానుల్లోనూ అంతే, ఎంత పెద్దదన్నది కాదు, మన దగ్గర ఏ గంటకి తగిలిందో అది చూడు. 2015 మార్చి 17 తుపాను మనకి పొద్దున పదింబావుకి మొదలై దాని ముఖ్యమైన దశ సాయంత్రం, రాత్రి మీదుగా సాగింది, డీఎస్‌టీ మైనస్ 200 దాటింది. నువ్వు పట్టుకున్న 2024 మే 10 తుపాను మనకి రాత్రి పదిన్నర దాటాక తగిలి మర్నాడు పొద్దున ఎనిమిది ప్రాంతంలో అడుగుకి చేరింది, మైనస్ 400 దాటింది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది ఆ రాత్రే. రెండోది ఎంతో పెద్దది, కానీ మనకి ఆరంభమంతా చీకట్లో గడిచింది. కాబట్టి రెంటినీ ఒకే గాటన కట్టి పోల్చకు.

ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఏమిటంటే, సౌర పవనం (సూర్యుడి నుంచి వచ్చే కణాల ధార) నుంచి విద్యుత్ క్షేత్రం నేరుగా చొచ్చుకొచ్చిందా, లేక ధ్రువాల దగ్గర వేడెక్కిన గాలి ఇటు వీచి కొన్ని గంటల తర్వాత డైనమోలా పని చేసిందా అన్నది. మొదటిది నిమిషాల్లో వస్తుంది, పగలైతే తూర్పు దిక్కు పట్టి ఎలక్ట్రోజెట్‌ని పెంచుతుంది. రెండోది ఆలస్యంగా వచ్చి, పగలు దానికి ఎదురు నడుస్తుంది. చిత్రమేమిటంటే ఈ రెండోది నేను చూసిన జూన్ వంకరలాగే కనపడొచ్చు. బీజెడ్ (సౌర పవనం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రపు ఉత్తర-దక్షిణ భాగం) దక్షిణానికి తిరిగిన నిమిషం, ఎలక్ట్రోజెట్ గీత తిరిగిన నిమిషం ఒకే పేజీ మీద గీస్తే కొంత తెలుస్తుంది. బీజెడ్ కొలిచే చోటు మనకి 15 లక్షల కిలోమీటర్ల దూరం, ఆదిత్య-ఎల్1 కూడా అక్కడే ఉంది, అక్కణ్ణుంచి సౌర పవనం ఇక్కడికి రావడానికి అరగంట నుంచి గంట. ఆ ఆలస్యం కలపకుండా గీయకు.

మీ గైడ్ ఏమంటారో నాకు తెలియదు. పేపర్లు త్వరగా కావాలని అడిగితే మర్యాదగా "సార్, ముందు ఏడాది ప్రశాంత దినాలు చూసి వస్తాను" అను. కొంచెం చిరాకు పడతారేమో, ఫర్వాలేదు.

ఆదివారం గుంటూరు రా. మే 2024 ప్రశాంత దినాలు అయిదూ, యూటీ కాకుండా మన టైములో, కాగితం మీద పెద్దగా ప్రింట్ తీసుకురా. ఫోన్లో చూపించకు, నాకు కళ్లు ఆనడం లేదు. మీ మావయ్య గోంగూర తెస్తానన్నాడు, మధ్యాహ్నం భోజనం ఇక్కడే.

అత్త