కాలి బొటనవేలితో మౌస్ క్లిక్

ప్రశ్న: మా తమ్ముడికి చేతి వేళ్లు సరిగా కదలవు, కాళ్లు బాగానే ఉన్నాయి. ట్రాక్‌బాల్‌ను అరచేత్తో తిప్పుతాడు గానీ క్లిక్ చెయ్యలేడు. బూటులో సెన్సర్ పెట్టి క్లిక్ చేయించవచ్చా? ఇంట్లో ఆర్డుయినో ఉనో (ప్రోగ్రాం రాసి వాడుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చేయించవచ్చండీ. కాకపోతే మీ ఉనో ఆర్3 గానీ అంతకన్నా పాతది గానీ అయితే పక్కన పెట్టండి, అది నేరుగా మౌస్‌లా పనిచెయ్యదు. ఏటీమెగా32యూ4 చిప్ ఉన్న లియొనార్డో బోర్డు గానీ ప్రో మైక్రో బోర్డు గానీ తీసుకోండి.

సెన్సర్ ఎఫ్‌ఎస్‌ఆర్ 402, అంటే ఒత్తిడిని పసిగట్టే పలచటి గుండ్రటి సెన్సర్, రూపాయి బిళ్లకంటే కాస్త చిన్నది. ముందు బొటనవేలి కింద ఒక్కటే పెట్టండి. మడమ మీద కాలి బరువు ఎప్పుడూ ఉంటుంది గనుక అక్కడ తంటా ఎక్కువ. సెన్సర్ ఒక పిన్ను బోర్డు మీది వీసీసీకి (కరెంటు ఇచ్చే పిన్ను), రెండోది ఏ0కి (రీడింగ్ తీసుకునే పిన్ను) కలపండి. ఏ0 నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్ రెసిస్టర్. నొక్కకపోతే రీడింగ్ సున్నా దగ్గర ఉంటుంది, నొక్కేకొద్దీ 1023 వైపు పెరుగుతుంది. వేలు ఊరికే ఆనించినా 900 చూపిస్తుంటే రెసిస్టర్‌ను 3.3 కిలో ఓమ్‌కు తగ్గించండి.

సెన్సర్ తోకకు (గుండ్రటి తల నుంచి పిన్నుల దాకా ఉండే పలచటి పట్టీ) సోల్డరింగ్ ఐరన్ తగలనివ్వొద్దు, ప్లాస్టిక్ కరిగి లోపలి గీత తెగిపోతుంది. పిన్నులను ఫిమేల్ హెడర్‌లో గుచ్చండి. తోకను మడవకుండా అరికాలి వంపు వైపు నుంచి బయటికి తీయండి. సెన్సర్ తల మీద 10 మిల్లీమీటర్ల వెడల్పున్న పలచటి రబ్బరు బిళ్ల అంటిస్తే ఒత్తిడి సరిగ్గా మధ్యలో పడుతుంది.

ప్రోగ్రాంలో 500 దాటితే క్లిక్ అని ఒకే గీత గీస్తే, వేలు కాస్త వణికినా ఒక నొక్కుకు నాలుగైదు క్లిక్కులు పడతాయి. 600 దాటినప్పుడు నొక్కినట్టు, 400 కిందికి దిగినప్పుడే వదిలినట్టు రాయండి. ఒక పిన్నుకు చిన్న స్విచ్ పెట్టి, అది వేసి ఉంటేనే క్లిక్కులు వెళ్లేలా చూడండి. లేకపోతే ప్రోగ్రాంలో తప్పు దొర్లిన రోజున ఆగకుండా క్లిక్కులు పడుతుంటే సరిదిద్దుకోవడానికి కంప్యూటరే చేతికి చిక్కదు.

ప్రశ్న: వెలోస్టాట్ (ఒత్తితే కరెంటు ఎక్కువ పారనిచ్చే నల్లటి ప్లాస్టిక్ షీటు), రాగి టేపుతో సొంతంగా ఇలాంటి సెన్సర్ చేశాను. పది నిమిషాలు బాగుంటుంది, తర్వాత దానంతటదే క్లిక్ అవుతోంది.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ముందు అంచులు చూడు. వెలోస్టాట్ ముక్క రాగి టేపుకంటే చుట్టూ 3 మిల్లీమీటర్లు పెద్దదిగా లేకపోతే, పైటేపు కిందిటేపు తగిలి షార్ట్ అవుతుంది. చెమట కూడా అదే పని చేస్తుంది. సెన్సర్ మొత్తాన్ని సన్నటి పాలిథిన్‌లో చుట్టు.

అవి బాగానే ఉంటే, ఇక అసలు సంగతి: బరువు ఆగకుండా పడుతుంటే వెలోస్టాట్ రీడింగ్ మెల్లగా పాకుతూ పోతుంది. అంచేత స్థిరమైన అంకె పెట్టుకోకు. కాలు ఊరికే ఆనించినప్పటి సగటును ప్రోగ్రాం నెమ్మదిగా సవరించుకుంటూ ఉండాలి, దానికి పైన 150 పెరిగితేనే క్లిక్. నొక్కి ఉన్నంతసేపు ఆ సవరణ ఆపెయ్యి, లేదంటే డ్రాగ్ చేస్తుండగా మధ్యలో జారిపోతుంది.