వేలు తగిలితే ఫ్రిజ్ ఆగిపోతోంది

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఫ్రిజ్‌కు, గీజర్‌కు స్మార్ట్ ప్లగ్‌లు (ఫోన్‌తోనే ఆన్, ఆఫ్ చేయగలిగేవి) పెట్టి, అవి నా ఫోన్‌లోని హోమ్ అసిస్టెంట్ యాప్‌లో కనిపించేలా చేసి వెళ్ళాడు. ఫ్రిజ్‌కు కరెంటు ఎంత అవుతోందో చూద్దామని ఒక రాత్రి తెర పైకి జరుపుతుంటే వేలు ఎక్కడ తగిలిందో, తెల్లారి తలుపు తీసేసరికి పాలు విరిగిపోయాయి, దోసెల పిండి పొంగి అరలన్నీ కారింది. మావారి ఇన్సులిన్ కూడా అందులోనే ఉంది. ఇలా మళ్ళీ జరగకుండా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఇన్సులిన్ సంగతి చూడండమ్మా. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి కనుక, డాక్టరును గానీ ఫార్మసిస్టును గానీ అడిగేవరకూ ఆ మందును పక్కన పెట్టండి.

ఇందులో మీ తప్పేమీ లేదు. గోడ మీది స్విచ్ ఆపాలంటే మనిషి లేచి వెళ్ళాలి. ఫోన్ తెర మీద మాత్రం చూడటానికీ ఆపడానికీ ఒకే తాకిడి సరిపోతోంది. ఆ రెండు పనులనూ విడదీయాలి. మీకు కావలసింది కరెంటు లెక్క మాత్రమే కాబట్టి, ఫ్రిజ్ స్విచ్ ఉన్న కార్డును (యాప్ తెర మీద ఒక్కో పరికరానికి కనిపించే గడిని) ఆ పేజీలోంచి తీసేసి, ఆ ప్లగ్ కొలిచే వాట్లను చూపే సెన్సర్ కార్డును మాత్రమే పెట్టమని మీ అబ్బాయికి చెప్పండి. సెన్సర్‌ను ఎన్నిసార్లు తాకినా ఏదీ ఆగదు.

గీజర్ కార్డు ఉండక తప్పదు కాబట్టి దానికి అమరిక మార్చాలి. పేజీని ఎడిట్ చేసే చోట ఆ కార్డును తెరిస్తే, తాకినప్పుడు ఏం జరగాలో ఎంచుకునే వీలుంటుంది. అక్కడ ‘టాగుల్’ (తాకగానే ఆన్ లేదా ఆఫ్ కావడం) ఉంటే ‘మోర్ ఇన్ఫో’గా మార్చాలి. అప్పుడు మొదటి తాకిడికి వివరాలు తెరుచుకుంటాయి, స్విచ్ ఆ లోపల ఉంటుంది. టైల్ కార్డులో గుర్తుకు వేరుగా, మిగతా గడికి వేరుగా అమరిక ఉంటుంది, రెండూ చూసుకోవాలి. ‘కన్ఫర్మేషన్’ అనే వరుసను చేరిస్తే, ‘గీజర్ ఆన్ చేయాలా?’ అని తెలుగులోనే అడిగేలా కూడా చేయవచ్చు. అయితే అది పొరపాటును ఆపేదే తప్ప తాళం కాదు; అదే గీజర్ వేరే పేజీలో మామూలు కార్డుగా ఉంటే అక్కడ ఏమీ అడగదు.

ఫ్రిజ్ ప్లగ్ ఆగి ఐదు నిమిషాలైతే దానంతట అదే మళ్ళీ ఆన్ అయి, మీ ఇద్దరి ఫోన్లకూ కబురు వచ్చేలా ఒక ఆటోమేషన్ కూడా రాయించండి. ఎవరైనా ప్లగ్ మీది బొత్తామే నొక్కినా ఇది కాపాడుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ప్లగ్ ఏ స్థితిలో ఉండాలో కూడా చాలా ప్లగ్‌లలో నిర్ణయించవచ్చు: ఫ్రిజ్‌కు ఆన్, గీజర్‌కు ఆఫ్. 2,000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కనుక, దానికి 10 ఆంపియర్ల ప్లగ్ పెట్టి ఉంటే వెంటనే 16 ఆంపియర్లది మార్చండి.

నిజానికి ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్‌కు స్మార్ట్ ప్లగ్ ఉండకూడదనే నా అభిప్రాయం. కరెంటు లెక్కే కావాలంటే, వైరు చుట్టూ బిగించే క్లాంప్ మీటర్లు ఉన్నాయి. వాటికి కొలవడమే తప్ప ఆపడం రాదు.

ప్రశ్న: ఐఫోన్‌లో మాటలతో పనులు చేయించే ‘సిరి’కి లైట్లన్నీ ఆపమని చెబితే చేపల తొట్టి పంపు కూడా ఆగిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పంపుకు పెట్టిన ప్లగ్‌ను ఐఫోన్‌లోని ఆపిల్ ‘హోమ్’ యాప్‌లో లైటుగా చూపమని ఎప్పుడో ఎంచుకుని ఉంటారు. ఆ ప్లగ్ సెట్టింగ్స్‌లో దాని రకాన్ని మళ్ళీ ‘ఔట్‌లెట్’గా మార్చండి. 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి ఈ యాప్‌లో గుర్తును తాకితే పరికరం ఆగుతుంది, పక్కనున్న పేరును తాకితే వివరాలు తెరుచుకుంటాయి. ఇంట్లో అందరికీ ఈ తేడా ఒకసారి చూపించండి.