ప్యాచ్ తిరిగి వచ్చినంత మాత్రాన కోచింగ్‌లో చేర్చాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు పంపిన మొదటి ప్యాచ్‌ను (కోడ్‌లో చేసిన మార్పును) సవరించి పంపమన్నారు. ప్యాచ్‌లు సులువుగా ఆమోదం పొందేలా చూస్తామని, కొత్తవారు ఓపెన్‌సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చగల) ప్రాజెక్టులకు పనిచేసే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో సీటు ఖాయమని ఒక సంస్థ ఫీజు అడుగుతోంది. అందులో చేర్చమంటారా, కోడింగ్ పోటీల శిక్షణలోనా? – ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీరు అడిగింది ఫీజు గురించే అయినా, మీ అసలు బెంగ అబ్బాయికి చేతకావడం లేదేమో, ప్లేస్‌మెంట్ల నాటికి వెనకబడిపోతాడేమో అన్నది. ఆ బెంగ పెట్టుకోకండి. ఏళ్ల అనుభవం ఉన్న కెర్నెల్ డెవలపర్లు కూడా సమీక్షకుల సూచనల మేరకు తమ ప్యాచ్‌లను వీ2, వీ3 (రెండో రూపం, మూడో రూపం) అని గుర్తు పెట్టి మళ్లీ మళ్లీ పంపుతుంటారు. సవరించమన్నారంటే మీ వాడి కోడ్‌ను ఒకరు శ్రద్ధగా చదివారన్నమాట.

పంపే పద్ధతి మొదట్లో చికాకు పెడుతుంది, నిజమే. కెర్నెల్‌కైతే మార్పును అటాచ్‌మెంటుగా కాక సాదా ఈమెయిల్ లోపలే రాయాలి, ఆ కోడ్ పంపే హక్కు తనకుందని ధ్రువీకరించే ‘సైన్డ్ ఆఫ్ బై’ పంక్తి చేర్చాలి. అయితే ఈ చిక్కులు తగ్గించే సాధనాలను ప్రాజెక్టుల వాళ్లే ఉచితంగా ఇస్తున్నారు. కెర్నెల్‌తో పాటే వచ్చే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు కోడ్ శైలిలోని లోపాలను ముందే పట్టిస్తుంది, గెట్ మెయింటెయినర్ స్క్రిప్టు ఎవరెవరికి పంపాలో చెబుతుంది. కోడ్ మార్పులను నమోదుచేసే సాధనమైన గిట్ ప్రాజెక్టుకైతే ఈమెయిల్ పద్ధతి తెలియని విద్యార్థి కోడ్‌ను ఉంచే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ (మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) తెరిచి, ఇదివరకే అనుమతి ఉన్నవారొకరు తనను అనుమతించాక సబ్మిట్ ఆదేశం రాస్తే, గిట్‌గిట్‌గాడ్జెట్ అనే సాధనం దాన్ని ప్యాచ్‌గా మార్చి ఈమెయిల్‌లో పంపుతుంది. ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ కొత్తవారికి తగిన పనులను ‘ఈజీ హ్యాక్స్’ పేరుతో విడిగా ఉంచుతుంది. ఇన్ని ఉండగా ఎవరికో ఫీజు కట్టడం దేనికి? ఈ మార్పు ఎందుకు అవసరమని సమీక్షకుడు అడిగితే జవాబు మాత్రం అబ్బాయే రాయాలి. రేపు ఉద్యోగంలో అక్కరకొచ్చేదీ అదే.

ఇక ఓపెన్‌సోర్స్ పేరిట నడుస్తున్న ఈ పరుగు మీద నాకు చాలా సందేహాలున్నాయి. 2020లో, ఓపెన్‌సోర్స్‌కు తోడ్పడినవారికి టీషర్టులిచ్చే అక్టోబర్ కార్యక్రమం హాక్టోబర్‌ఫెస్ట్‌లో ఆ టీషర్టుల కోసం పనికిరాని పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తడంతో, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే పరిమితమయ్యేలా నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. 2024 ఆరంభంలో వెబ్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టు పరిచయపత్రమైన రీడ్‌మీ ఫైలులో తమ పేర్లు చేర్చమంటూ వచ్చిన రిక్వెస్టులను ఏరి పారేయడమే నిర్వాహకులకు పనైంది. లెక్క కోసం పంపే ప్యాచ్‌లు పిల్లలకు ఏమీ నేర్పవు, పైగా వేరొకరి సమయాన్ని తినేస్తాయి. 2005 నుంచి నడుస్తున్న సమ్మర్ ఆఫ్ కోడ్ మంచి అవకాశమే కానీ, ప్రతిపాదనలను చూసి ఎంచుకునేది ఆయా ప్రాజెక్టుల మెంటార్లు. అందులో సీటు ఖాయమని చెప్పే సంస్థను నమ్మకండి.

కటువుగా అనిపించినా ఒక మాట చెప్పాలి. ఫీజు సంగతి ఇంత వివరంగా కనుక్కున్న మీరు, సమీక్షకుడు ఏమని రాశాడో అబ్బాయిని అడిగినట్టు లేరు. వాడు ఒంటరిగా తంటాలు పడుతుంటే పక్కన కూర్చుని వినడం మాని, ఏ శిక్షణలో చేర్చాలా అని వెతకడం తండ్రిగా మీకు తగదు.

కోడింగ్ పోటీల సాధన క్యాంపస్ రాతపరీక్షలకు ఉపయోగపడుతుంది, రోజూ కాసేపు ఇంట్లోనే చేసుకోవచ్చు. ప్రస్తుతానికి ఆ ప్యాచ్‌లో అడిగిన సవరణలు చేసి, ఏమేం మార్చాడో ‘సైన్డ్ ఆఫ్ బై’ పంక్తి కింద ఉండే మూడు చిన్న గీతల తర్వాత రాసి, వీ2గా పంపమనండి. వెంటనే జవాబు రాకపోతే కనీసం వారం ఆగి, అప్పుడు మర్యాదగా గుర్తుచేయమనండి.