డాక్టర్ సలహా: గేమ్‌లో ఆ చివరి బాస్‌ని ఓడించేలోపు నా బొటనవేలు పాడైపోతుందా?

ప్రశ్న: నా వయసు 27. మాది ఆకివీడు దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక నాన్నగారితో కలిసి రొయ్యల చెరువులు చూసుకుంటున్నాను. రాత్రి కాపలా నాదే. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా చూసుకుంటూ, గట్టు మీద షెడ్డులో ల్యాప్‌టాప్‌కి కంట్రోలర్ తగిలించి ‘సెకీరో’ ఆడుతుంటాను. చాలా కష్టమైన కత్తియుద్ధం గేమ్. చివరి బాస్ (ఆఖరి పెద్ద శత్రువు) ఇష్షిన్ దగ్గర చాన్నాళ్లుగా ఆగిపోయాను. ఇప్పుడు కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి. మేత బస్తా ఎత్తినా, బండి యాక్సిలరేటర్ తిప్పినా జివ్వుమంటోంది. ఆడేటప్పుడు గుండె దడదడలాడుతుంది. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటున్నాను. ఇది వ్యసనమేనని అమ్మ బెంగపెట్టుకుంది. పూర్తి చేయకుండా వదలాలని లేదండి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఆట వదిలేయమని నేను చెప్పను. 2019లో వచ్చిన ఈ గేమ్‌లో ఈజీ, హార్డ్ అని ఎంచుకునే వీలు లేదు. ఎవరైనా ఒకే మెట్టు ఎక్కాలి. చివరి పోరులో ముందు గెనిచిరో అనే శత్రువు, ఆ వెంటనే మూడు దశల్లో ఇష్షిన్. ఎదుటి కత్తి తగిలే క్షణంలోనే అడ్డుపెట్టాలి, ఆలస్యమైతే దెబ్బ తప్పదు. అక్కడిదాకా వచ్చారంటే మీకు ఓపిక ఉంది, చూపు ఉంది. మీకు తక్కువైంది నిద్ర. మీ వేలికీ, మీ గెలుపుకీ రెండిటికీ ఆ లోటే అడ్డం పడుతోంది. ముందు వేలి సంగతి చూద్దాం.

మీరు చెప్పిన చోటు, చెప్పిన తీరు చూస్తే ఇది డీ క్వెర్వెన్ టెనోసైనోవైటిస్ అనిపిస్తోంది. స్విట్జర్లాండ్ సర్జన్ డీ క్వెర్వెన్ 1895లో వివరించిన జబ్బు. అప్పటికి కంట్రోలర్లు లేవు, కాబట్టి నేరమంతా ఆటదే అనుకోకండి. బొటనవేలిని పక్కకీ పైకీ కదిపే రెండు టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మణికట్టు దగ్గర ఒక ఇరుకు తొడుగులోంచి వెళ్తాయి. ఒకే కదలిక అదేపనిగా చేస్తే ఆ తొడుగు మందమవుతుంది, లోపల టెండన్ రాసుకుంటుంది. ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. బొటనవేలిని లోపలికి మడిచి దానిమీద పిడికిలి మూయండి. ఆ పిడికిలిని మెల్లగా చిటికెనవేలి వైపు వంచండి. మణికట్టు పక్కన ఒక్కసారిగా పోటు వస్తే నా అనుమానం బలపడుతుంది. ఒక్కసారి చాలు, మళ్లీమళ్లీ చేసి చూడకండి.

మీ ఆటలో వేటు వేయడం, అడ్డుపెట్టడం చూపుడు వేళ్ల పని. కుడి బొటనవేలు ఎగరడం, తప్పుకోవడం, కెమెరా తిప్పడం చూసుకుంటుంది. ఓడిపోయేకొద్దీ తెలియకుండానే పట్టు బిగుస్తుంది. తెల్లారాక అదే చేత్తో 25 కిలోల మేత బస్తాలు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేల తాళ్లు. ఆపైన ఫోను తోయడం. వేలికి విశ్రాంతన్నదే లేదు. నా దగ్గరికి వచ్చే ఆక్వా కుర్రాళ్లలో చాలామంది బస్తా సంగతి చెప్పరు, గేమ్ సంగతే చెప్తారు, ఇంట్లో దానికే తిట్లు పడతాయి కాబట్టి. నా అంచనాలో మీ నొప్పికి బస్తాల వాటా తక్కువేం కాదు.

ఒక్క విషయం మాత్రం ముందే తేల్చుకోవాలి. ఈ మధ్య గట్టు మీద జారి, అరచెయ్యి ఆనించి పడ్డారా? పడి ఉంటే బొటనవేలి మొదట్లో ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లి ఉండొచ్చు. మొదటి ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు కూడా. పట్టించుకోకపోతే అతకదు, మణికట్టు జీవితాంతం ఇబ్బంది పెడుతుంది. అలాంటిదేమైనా గుర్తుంటే ఇది చదవడం ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్ర లేపుతుంటే అది నరం నొక్కుకుపోవడం, దాని వైద్యం వేరు. చోటు ఎర్రగా వాచి జ్వరం వస్తే ఆ రోజే చూపించాలి.

ఇవేవీ లేకపోతే బొటనవేలితో సహా మణికట్టును కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ కొనుక్కోండి. థంబ్ స్పైకా అని అడగాలి. మణికట్టుకు మాత్రమే చుట్టే బెల్టు దీనికి పనికిరాదు. మూడు, నాలుగు వారాలు వీలైనంతసేపు ఉంచండి. చెరువు పనికి దిగేముందు తీసేయండి, తడిసిన స్ప్లింట్ కింద చర్మం ఒరుస్తుంది. పని అయ్యాక చెయ్యి పొడిగా తుడిచి మళ్లీ పెట్టుకోండి. ఐసు మీ ఊళ్లో కొరత కాదు, పట్టుబడి రోజుల్లో కుప్పలు ఉంటుంది. గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు, రోజుకు రెండు, మూడు సార్లు పెట్టండి. బస్తాను బొటనవేళ్లతో గుంజకుండా అరచేతులు పైకి పెట్టి ముంజేతుల మీద మోయండి. ఈ నెలరోజులూ ఇంకొకరు మోస్తే మరీ మంచిది. నాన్నగారిని అడగడానికి మొహమాటపడకండి.

నొప్పి మాత్రల గురించి గట్టిగానే చెప్పాలి. ఎండలో చెమటోడ్చి, సరిగ్గా నీళ్లు తాగకుండా, పరగడుపున డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మాత్ర నొప్పిని కప్పేస్తుంది, ఆ ధైర్యంతో మీరు ఇంకో గంట ఆడతారు, లోపల వాపు పెరుగుతుంది. రోజూ వేసుకోవడం ఆపండి. పైపూత జెల్ వాడుకోవచ్చు. షాపులోగానీ ఆర్ఎంపీ దగ్గరగానీ పేరు లేకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్రలు అసలు వద్దు, వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. ఒకసారి షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి, షుగర్ ఉన్నవారిలో ఈ టెండన్ జబ్బులు ఎక్కువ.

ఇక నిద్ర. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుంది, ఆ వేళ ఎవరో ఒకరు మేలుకోవాల్సిందే. అది మీ బతుకుతెరువు, కాదనను. కానీ రాత్రంతా మేలుకుని ఆడటం వేరు. కొత్త చేతిపని ఏదైనా పగలు సాధన చేస్తే మెదడు దాన్ని స్థిరపరిచేది నిద్రలోనే. ముందురోజు అందని కత్తివేటు మర్నాడు పొద్దున మొదటి ప్రయత్నంలోనే చేతికి రావడం మీకూ అనుభవమయ్యే ఉంటుంది. నిద్ర లేని మెదడుకి కంటికి కనబడినదానికి చెయ్యి స్పందించడం ఆలస్యమవుతుంది. రెప్పపాటులో అడ్డుపెట్టాల్సిన ఆటలో ఆ ఆలస్యమే ఓటమి. తెల్లవారుజామున మూడింటికి ఆడిన ఆట మీకు నేర్పేది తక్కువ, వేలిని నలిపేది ఎక్కువ.

నాన్నగారితో కాపలా పంచుకోండి. మీరు రాత్రి తొమ్మిదికి పడుకుని ఒంటిగంటన్నరకు లేస్తే, ఆ తర్వాత చెరువు మీది. మధ్యాహ్నం భోజనం చేశాక గంటన్నర, రెండు గంటలు కునుకు తీయండి. ఆట సాయంత్రానికి మార్చుకోండి. మొదటి రెండు వారాలు పూర్తిగా మానితే వేలికి మేలు. ఆ తర్వాత అరగంట ఆడి, పది నిమిషాలు కంట్రోలర్ కింద పెట్టండి. ముంజేతులు దిండు మీద ఆనాలి, మణికట్లు నిటారుగా ఉండాలి. చూపు శత్రువు మీదే నిలిచేలా లాక్ పెట్టి ఆడితే కెమెరా తిప్పే పుల్లతో పని తగ్గుతుంది. తప్పుకునే బటన్‌ని వేరే వేలికి మార్చుకునే వీలు సెట్టింగ్స్‌లోనే ఉంది. వరుసగా మూడుసార్లు అంతకుముందుకంటే తొందరగా చచ్చిపోయారంటే ఆ పూటకి చెయ్యి అలసిందని అర్థం, లేచిపోండి. ఈ ఆటలోనే పాత గుడి దగ్గర సాధనకి నిలబడే హన్‌బే అనే పాత్ర ఉన్నాడు. అతడితో కాసేపు అడ్డుపెట్టడం మాత్రమే సాధన చేస్తే, ఇష్షిన్ ముందు ఊరికే చచ్చిపోతూ గడిపే గంటకంటే ఎక్కువ ఫలితం.

గుండె దడ ఉత్కంఠ వల్ల ఊరే అడ్రినలిన్‌ది, ఆపాక కాసేపట్లో సర్దుకుంటే భయం లేదు. మేలుకోవడానికి ఎనర్జీ డ్రింకులు తాగుతుంటే మానేయండి. అయితే ఆడుతూ ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా ఆట ఆపి ముందు ఈసీజీ తీయించుకోవాలి. పుట్టుకతో గుండె లయలో లోపం ఉన్నవారికి ఈ ఉత్కంఠే ప్రమాదం తెస్తుంది.

అమ్మగారి మాటని తేలిగ్గా తీసుకోకండి, అలాగని భయపడకండి. గేమింగ్ డిజార్డర్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా గుర్తించింది, 2022 నుంచి అది అమల్లో ఉంది. ఎంతసేపు ఆడారన్నది అక్కడ కొలత కాదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, పనీ మనుషులూ వెనక్కి పోయి ఆటే ముందుకు రావడం, నష్టం కళ్లముందు కనబడుతున్నా కొనసాగించడం, ఇది మామూలుగా ఏడాదిపాటు సాగడం చూస్తారు. ఏరియేటర్ ఆగిన చప్పుడు వినగానే మీరు ఆట మధ్యలో వదిలి పరిగెడతారా? పరిగెడితే నాకు దిగులు లేదు. ‘ఈ ఒక్కసారి ఆడి వెళ్తా’ అనుకుంటూ చెరువుకి ముప్పు తెచ్చుకున్న రోజులుంటే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఒక సాయంత్రం అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆట చూపించండి. రాత్రంతా షెడ్డులో ఏం చేస్తున్నాడో తెలియకపోవడమే ఆమె బెంగలో సగం.

స్ప్లింట్, విశ్రాంతితో నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గకపోతే తొడుగులోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తాం. చాలామందికి దానితో నయమవుతుంది. కొందరికి సూది గుచ్చిన చోట చర్మం తెల్లబడొచ్చు, షుగర్ ఉంటే కొద్దిరోజులు పెరగొచ్చు. ఆపరేషన్ దాకా వెళ్లేవారు కొద్దిమందే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ వాడిన మాత్రల పట్టీలన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి.

– ఎముకలు, కీళ్ల వైద్య నిపుణులు, భీమవరం