టెక్ సందేహాలు: పాట నాదే, రుజువు ఎలా?

ప్రశ్న: నేనే రాసి, బాణీ కట్టుకున్న పాటను ఫోన్‌లో రికార్డు చేశాను. యూట్యూబ్‌లో పెట్టే ముందు కాపీరైట్ తీసుకోవాలా? ఫైల్‌ను నాకు నేనే మెయిల్ చేసుకుంటే చాలని ఒక ఫ్రెండ్ అంటున్నాడు.

జవాబు: కాపీరైట్ ఎవరి దగ్గరికో వెళ్లి తెచ్చుకునేది కాదు. పాట మీ సొంతమైతే, దాన్ని ఫోన్‌లో రికార్డు చేసిన రోజే ఆ హక్కు మీకు వచ్చేసింది. 1886లో మొదలైన బెర్న్ అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందంలో ఇప్పుడు 180కి పైగా దేశాలున్నాయి. హక్కు పొందడానికి రిజిస్ట్రేషన్ లాంటి లాంఛనాలు అవసరం లేదన్న నియమం 1908 సవరణ నుంచీ అందులో ఉంది. కాబట్టి ఆ టెన్షన్ వదిలేయండి.

అసలు చిక్కు వేరే చోట ఉంది. రేపు ఎవరైనా మీ పాటను తమదని చెప్పుకుంటే, ఫలానా రోజుకే అది మీ దగ్గర ఉందని చూపించగలరా? ఫైల్ మీద కనిపించే తేదీని ఎవరూ నమ్మరు. ఫోన్ గడియారాన్ని రెండేళ్లు వెనక్కి తిప్పి రికార్డు చేస్తే ఆ పాత తేదీయే పడుతుంది. మీ ఫ్రెండ్ చెప్పిన మెయిల్ అంతకంటే కాస్త నయం, ఎందుకంటే సర్వర్ వేసే సమయం మీ చేతిలో ఉండదు. కానీ అది తేదీకి ఒక చిన్న ఆధారం మాత్రమే, దానివల్ల కొత్తగా ఏ హక్కూ రాదు. పూర్వం కవరుకు సీలు వేసి తమకు తామే పోస్టులో పంపుకునేవారు, ఇదీ ఆ బాపతే.

నన్నడిగితే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మీరు పనికిరాదని డిలీట్ చేసే చెత్తే. గొంతు తడబడిన మొదటి టేక్, సగంలో ఆగిన చరణం, కొట్టేసిన పల్లవి ఉన్న నోట్‌బుక్ పేజీ ఫొటో, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ప్రాజెక్టు ఫైల్, విడివిడి ట్రాకులు... ఇవన్నీ దాచండి. కాపీ కొట్టినవాడి దగ్గర పూర్తయిన ఎంపీ3 ఒక్కటే ఉంటుంది. అందులోంచి గొంతును, వాయిద్యాలను విడదీసే ఏఐ టూల్స్ వచ్చాయి నిజమే. కానీ మీ తప్పుల్ని ఏ టూల్ వెలికితీస్తుంది? ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తాన్ని క్లౌడ్‌లో ఒకచోట, విడి డ్రైవ్‌లో మరోచోట ఉంచండి.

ఇంకో అడుగు వేయాలంటే హ్యాష్ తీయండి. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఎంత పెద్ద ఫైల్‌కైనా 64 అక్షరాల వేలిముద్ర వస్తుంది. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా ఆ ముద్ర పూర్తిగా మారిపోతుంది. ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ అనే ఉచిత సేవ ఆ ముద్రను బిట్‌కాయిన్ బ్లాక్‌చెయిన్‌కు (ఒకసారి ఎక్కాక మార్చడం దాదాపు అసాధ్యమైన బహిరంగ చిట్టా) ముడిపెట్టి, అది ఫలానా సమయానికే ఉందని తేల్చే రుజువు ఫైల్ ఇస్తుంది. మీ పాట కంప్యూటర్ దాటి బయటికి పోదు. అసలు ఫైల్‌నూ ఈ రుజువు ఫైల్‌నూ కలిపి దాచండి. అసలు ఫైల్‌ను ఎడిటర్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేశారో, ముద్ర కలవదు. ఒక్క మాట: ఆ తేదీకి ఫైల్ ఉందనే దీంతో తేలుతుంది. పాట కట్టింది మీరేనని తేల్చేది మళ్లీ పైన చెప్పిన చెత్తే.

పాట మీద డబ్బు వచ్చేలా ఉంటే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కూడా చేయించండి. తప్పనిసరి కాకపోయినా వివాదం వచ్చినప్పుడు పనికొస్తుంది. అమెరికా రచనల విషయంలోనైతే అక్కడ దావా వేయడానికి ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి. గిటార్ వాయించినవారో, చరణం అందించినవారో ఉంటే ఎవరి వాటా ఎంతో అప్‌లోడ్‌కు ముందే రాసుకోండి. బాణీ, సాహిత్యం మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. స్నేహితుల మధ్య తగవులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి.

ప్రశ్న: నా సొంత పాటకే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది! ఉచిత యాప్‌లోని డ్రమ్స్ లూప్ తప్ప మిగతాదంతా నాదే.

జవాబు: ఆ లూప్ (పదేపదే మోగేలా తయారుచేసి ఇచ్చే చిన్న ముక్క) దగ్గరే వచ్చి ఉంటుంది చిక్కు. అదే లూప్ వాడిన మరొకరు తమ పాటను డిస్ట్రిబ్యూటర్ (పాటల్ని ఆన్‌లైన్ వేదికలకు చేర్చే సంస్థ) ద్వారా కంటెంట్ ఐడీలో, అంటే అప్‌లోడ్‌లను పోల్చి కాపీలను పట్టే యూట్యూబ్ వ్యవస్థలో, చేర్చి ఉంటారు. ఆ యంత్రం శబ్దాన్ని శబ్దంతో పోలుస్తుందే తప్ప, ఎవరు ముందో దానికి తెలియదు. నిజానికి నలుగురూ వాడుకునే లూప్‌లున్న పాటల్ని అలా చేర్చకూడదని యూట్యూబ్ నిబంధనే చెబుతోంది. అది పట్టించుకోకుండా డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆ ఆప్షన్‌కు టిక్ పెట్టేస్తుంటారు.

కంగారు పడకండి, క్లెయిమ్ అంటే స్ట్రైక్ (ఛానెల్‌కు పడే శిక్ష లాంటి హెచ్చరిక) కాదు. యూట్యూబ్ స్టూడియోలో డిస్ప్యూట్ పెట్టి, లూప్ పేరు, యాప్ పేరు, లైసెన్సు షరతులు రాయండి. అవతలివారు 30 రోజుల్లో స్పందించకపోతే క్లెయిమ్ తొలగిపోతుంది. ఇకపై లూప్ దించుకున్న రోజే ఆ లైసెన్సు పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. యాప్‌లు షరతులు మారుస్తుంటాయి, పాత పేజీ తర్వాత దొరకదు. మీరూ డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఈ పాటకు కంటెంట్ ఐడీ టిక్ పెట్టకండి. లేదంటే ఇదే తలనొప్పి మీ వల్ల ఇంకొకరికి మొదలవుతుంది.

ప్రశ్న: ఐఎస్‌ఆర్‌సీ కోడ్ తీసుకుంటే పాట నా పేరు మీద రిజిస్టర్ అయినట్టేనా?

జవాబు: కాదు. అది రికార్డింగ్‌ను గుర్తుపట్టే 12 అక్షరాల నంబర్, అంతే. రాయల్టీ లెక్కలు మీ దాకా రావాలంటే అవసరమే గానీ, యాజమాన్యాన్ని నిరూపించదు. రీమిక్స్ చేస్తే కొత్త కోడ్ తీసుకోవాలి.

ప్రశ్న: సాహిత్యం నాది, ట్యూన్ ఏఐ ఇచ్చింది. కాపీరైట్ ఎవరిది?

జవాబు: సాహిత్యం నిక్షేపంగా మీదే. ట్యూన్ దగ్గరే పేచీ. మనిషి సృజన లేనిదానికి కాపీరైట్ ఇవ్వబోమని, కేవలం ప్రాంప్ట్ రాస్తే సరిపోదని అమెరికా కాపీరైట్ ఆఫీసు 2025 నివేదికలో చెప్పింది. అన్ని దేశాల్లోనూ ఇదే లెక్క ఉండదు. ఏఐ ఇచ్చినదాన్ని మీరు గణనీయంగా మార్చి, మళ్లీ వాయించి ఉంటే మీరు చేసిన ఆ భాగం వరకు అడగవచ్చు. అందుకే ఏఐ ఇచ్చిన మొదటి ఫైల్‌నూ, మీ మార్పుల తర్వాతి ఫైల్‌నూ విడివిడిగా దాచండి. అప్‌లోడ్ చేసే ముందు ఆ టూల్ షరతులు కూడా చదవండి. ఉచిత ప్లాన్‌లో చేసిన ట్యూన్‌తో డబ్బు సంపాదించకూడదని కొన్నిటిలో రాసి ఉంటుంది.