వార్డు సచివాలయంలో కొత్తగా చేరిన చెల్లెలి కూతురికి

చిన్నీ,

నువ్వు వార్డు సంక్షేమ కార్యదర్శిగా చేరావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి రాయాలనుకుంటున్నాను. పింఛన్లు, సర్వేలు, యాప్‌లు నీకు ఆఫీసులో ఎలాగూ నేర్పుతారు. జనానికి విషయం చేరేలా చెప్పడం మాత్రం ఎవరూ నేర్పరు. మన తిరుపతి మున్సిపల్ ఆఫీసులో నా సర్వీసంతా నోటీసులు రాయడం, అవి అర్థం కాక వచ్చినవాళ్లకు మళ్లీ నోటితో చెప్పడంతోనే గడిచింది. అందుకే ఆ ఒక్క సంగతే రాస్తాను.

బోర్డు మీద అంటించాం, గ్రూపులో పెట్టాం, పని అయిపోయింది అనుకోకు. అవసరం ఉన్న మనిషికి ఆ మాట అంది, రేపు పొద్దున తనేం చెయ్యాలో తెలిస్తేనే అయినట్టు. "అనివార్య కారణాల వల్ల నీటి సరఫరాకు అంతరాయం కలుగును" అని రాస్తే కొర్లగుంటలో ఒక్కరూ బిందె కదపరు. "రేపు మంగళవారం కొర్లగుంటకు నీళ్లు రావు. బుధవారం పొద్దున వస్తాయి. ఈ రాత్రికే పట్టి పెట్టుకోండి" అని రాయి. పై నుంచి వచ్చిన సర్క్యులర్ ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేస్తే నీకు ఒక నిమిషం పని. తర్వాత వారం రోజులు అదే ప్రశ్నకు జవాబు చెప్తూ కూర్చోవాలి.

వేళ కూడా చూసుకో. కొండ మీద డ్యూటీకి పోయేవాళ్లు తెల్లవారకముందే బస్సెక్కుతారు. హోటళ్లలో, లాడ్జీల్లో పనిచేసే ఆడవాళ్లు చీకటి పడితే గానీ ఇల్లు చేరరు. పగలు పదకొండుకు నువ్వు పెట్టిన మెసేజ్ వాళ్లు చూసేసరికి దండం బొమ్మల కింద ఎక్కడో ఉంటుంది. రాత్రి ఏడున్నర దాటాక పెట్టు. ఫోన్ చూడని ఇళ్ల కోసం చెత్త బండి డ్రైవర్‌తో మంచిగా ఉండు, ఆ మైకు వెళ్లని సందు లేదు. ప్రభుత్వ పనులు ఫోన్‌లోనే చేసుకునేలా 2025 జనవరిలో వచ్చిన మన మిత్ర వాట్సాప్ సేవ చదువుకున్నవాళ్లకు నిజంగా మేలే చేసింది. అలాగని సచివాలయం మెట్లెక్కి వచ్చిన అవ్వతో "వాట్సాప్‌లో చూసుకో" అనేవు సుమా.

ఒకటో తేదీ పింఛన్లు ఇవ్వడానికి గడప గడపకూ ఎలాగూ పోతావు. డబ్బు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకుని పరుగెత్తకు. వచ్చే నెల ఏదైనా మారుతుంటే అక్కడే చెప్పు. ఏ పథకమైనా ఆగిపోతే కారణం దాచొద్దు. "సిస్టమ్‌లో రాలేదమ్మా" అన్న జవాబు అంటే నాకు ఒళ్లు మంట. "నాకు యాల ఆపినారు పాపా?" అని అడిగిన మనిషికి ఆ మాట ఎందుకు పనికొస్తుంది? కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటిందని పథకం ఆగితే, అసలు ఆ మీటరు ఎవరిదో చూడు. బాడుగకున్న మనిషి ఆధార్‌కు ఇంటి ఓనరు మీటరు ముడిపడి ఉండొచ్చు. ఆ ముడి విప్పడానికి కరెంటు ఆఫీసులో ఏం కాగితం ఇవ్వాలో చిన్న చీటీ మీద రాసివ్వు. అక్కడా తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇమ్మను. రసీదు మీది నంబరు పారేసుకోవద్దని, 1100కు ఫోన్ చేస్తే అర్జీ ఎక్కడున్నదీ తెలుస్తుందని చెప్పు.

వానల సంగతి వేరు. మనకు అసలు దెబ్బ కార్తీకంలోనే. 2021 నవంబరులో శేషాచలం కొండల మీద పడ్డ నీళ్లన్నీ ఊళ్లోకి దిగినప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతుందని కింది పల్లెలు వణికినప్పుడు, వానతో సమానంగా జనాన్ని భయపెట్టినవి ఫోన్లలో తిరిగిన వీడియోలు. ఇప్పటికీ గట్టి వాన పడితే చాలు, ఆ పాతవే కొత్తగా వస్తాయి. అలాంటి రోజు నువ్వు పెట్టే ప్రతి మెసేజ్ మీద టైమ్ వెయ్యి. ఎవరు చెప్పారో రాయి. మళ్లీ ఎప్పుడు చెప్తావో కూడా రాయి. ఎనిమిదికి చెప్తానన్నావంటే, కొత్త కబురేమీ లేకపోయినా ఎనిమిదికి "ఏ మార్పూ లేదు" అని పెట్టు. నువ్వు నోరు మెదపకపోతే ఆ ఖాళీలోకి ఎవడో ఒకడు దూరతాడు. రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే "జాగ్రత్త వహించండి" చాలదు. "అటు పోవద్దు, ఇటు తిరిగి పోండి" అని దారి పేరు పెట్టి చెప్పు.

2025 జనవరి 8 రాత్రి బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో 6 మంది పోయారు. ఒంట్లో బాగాలేని ఒకరి కోసం గేటు తీస్తే, టోకెన్లకే తీశారనుకుని జనం తోసుకొచ్చారని అప్పట్లో చెప్పారు. గేటు తీసేముందు ఎందుకు తీస్తున్నామో మైకులో చెప్పే మనిషి ఒకరుండాలి. నీ వార్డులో రేపు ఏ క్యాంపు పెట్టినా, వంద మందే వచ్చినా, ఆ పని ఒకరికి అప్పగించు.

కుర్రాళ్లు సచివాలయానికి రారు. గ్రౌండ్‌లో, జిమ్‌లో దొరుకుతారు. మన గ్రామదేవత గంగమ్మ జాతరలో వేషాలు కట్టే కుర్రాళ్లను పట్టుకుంటే వీధంతా నీ చేతిలో ఉన్నట్టే. చాటింపు వేసిందగ్గర్నుంచి జాతర అయ్యేదాకా పొలిమేర దాటి రాత్రి ఉండకూడదని ఊరంతటికీ ఎలా తెలుసో, వాళ్లు చెప్తే నీ కబురూ అలాగే పాకుతుంది. జాబ్ మేళా అని ఊరికే తేదీ పెట్టకు. శ్రీసిటీ పారిశ్రామికవాడలో కంపెనీ అయితే బస్సుందా, నైట్ షిఫ్టా, హాస్టల్ ఇస్తారా అని ముందే కనుక్కుని రాయి. ఆడపిల్లల అమ్మలు మొదట అడిగేది అదే. తేదీ దాటిపోయాక వచ్చిన సర్క్యులర్‌ను మాత్రం పెట్టనే పెట్టకు, ఒక్కసారి ఊరికే తిప్పి పంపితే ఆ పిల్లలు మళ్లీ నీ మాట వినరు.

గంజాయి గురించి ఉపన్యాసాలు వద్దు. చెప్పాలనుకున్నవాళ్లు 1972కు ఫోన్ చెయ్యొచ్చని గ్రౌండ్ గోడ మీద రాయించు, చాలు. ఎవరైనా నీ దగ్గరకొచ్చి చెబితే ఆ పేరు నీ టీ బల్ల దగ్గర కూడా బయటికి రాకూడదు. నంబర్లన్నీ ఒకే పోస్టర్ మీద గుచ్చితే ఎవరికీ గుర్తుండవు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే చేసే 1930 ఏటీఎం పక్కన ఉండాలి, పిల్లల కోసం 1098 బడి గోడ మీద ఉండాలి.

ఫోటోల పిచ్చి గురించి కూడా ఒక మాట. పింఛన్ తీసుకుంటున్న ముసలాయన మొహం, ఆధార్ కార్డు కనిపించే ఫారం, ఆపిన బాల్యవివాహంలో అమ్మాయి, ఇవేవీ గ్రూపులోకి పోకూడదు. పైవాళ్లకు రిపోర్టుకు ఫోటో కావాలంటే వాళ్లకే పంపు. ఒత్తిడి చేస్తే గొడవ పడకుండా, "గ్రూపులో ఎందుకు సార్, మీకే పంపుతా" అను, సరిపోతుంది.

నీ మొదటి నోటీసు రాశాక అంటించేముందు మీ ఎదురింటి అవ్వకు చదివి వినిపించు. ఆవిడ "అయితే నేనేం చెయ్యాల?" అని అడిగితే మళ్లీ రాయి. ఒకటో తేదీ హడావిడి అయ్యాక ఒక ఆదివారం ఇంటికి రా. మీ సచివాలయం బోర్డు మీద ఇప్పుడున్నవన్నీ ఫోటో తీసుకుని రా, ఏవి పీకెయ్యాలో చెప్తాను.

మీ పెద్దమ్మ