వాపు తగ్గాక బుగ్గ చదునైంది... ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. ఆరు రోజుల క్రితం బైకు మీంచి పడ్డాడు. ఎక్స్‌రే తీసి, ఎడమ చెంప ఎముక చిట్లిందని మందులిచ్చారు. వాపు తగ్గింది గానీ బుగ్గ చదునుగా కనిపిస్తోంది. పైపెదవి మొద్దుబారింది. నోరు సరిగా తెరవలేక అన్నం ముద్ద కూడా పెట్టుకోలేకపోతున్నాడు. ఆపరేషన్ తప్పదా? ముఖం మీద మచ్చ పడుతుందా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: వాపు తగ్గిందని ఊరుకోకండమ్మా. మొదట్లో లోపలి సొట్టను కప్పేసేది ఆ వాపే. అబ్బాయిని కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలబడి, నడినెత్తి మీదుగా కిందికి చూడండి. మీ చూపుడువేళ్లను రెండు చెంప ఎముకల మీదా మెల్లగా ఆనించండి. ఎడమ వేలు లోతుకు దిగితే ఎముక జరిగినట్టే. కంటి కింది గట్టు దగ్గర నరం నలిగితే పెదవి మొద్దుబారుతుంది. లోపలికి నొక్కుకుపోయిన ఎముక కింది దవడ కదలికకు అడ్డుపడితే నోరు తెరుచుకోదు. మామూలుగా పళ్ల మధ్య మూడు వేళ్లు పట్టాలి.

ఎక్స్‌రే ఒక్కటే చాలదు. ముఖానికి సీటీ స్కాన్ తీయించండి. కంటిగూడు అడుగు కూడా విరిగిందేమో అందులోనే తెలుస్తుంది. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా కంటి డాక్టరుకు ఈరోజే చూపించాలి.

ఎముక జరగకపోతే ఆపరేషన్ అక్కర్లేదు. మీవాడి లక్షణాలు చూస్తే మాత్రం అవసరమనే అనిపిస్తోంది. దెబ్బ తగిలిన రెండు వారాల్లోపు చేయించడం మంచిది. ఆలస్యమైతే ఎముక వంకరగానే అతుక్కుని, మళ్లీ కోసి సరిచేయాల్సి వస్తుంది.

చెంప నుంచి చెవి వైపు వెళ్లే కమానులాంటి ఎముక మాత్రమే సొట్టపడితే, కణత దగ్గర జుట్టులో రెండున్నర సెంటీమీటర్ల కోత చాలు. అక్కడి కండరానికీ దాని పైపొరకూ మధ్య నుంచి పరికరం దించి ఎముకను పైకి లేపుతారు. మచ్చ జుట్టులో కలిసిపోతుంది. మొత్తం ఎముక జరిగితే పైచిగురు మీద, నోటి లోపలి నుంచే కోసి టైటానియం ప్లేటు బిగిస్తారు. అప్పటికీ కదిలితే కనుబొమ్మ చివర ఇంకొకటి, అవసరమైతే కంటి కింద మూడోది. ఒక్కచోట అతుకు కుదిరినా ఎముక మెలితిరిగే ఉండొచ్చు. అందుకే కంటిగూడు బయటి గోడ దగ్గర కూడా సరిపోయిందో లేదో చూశాకే బిగించడం మేలు. ప్లేట్లు సాధారణంగా తీయక్కర్లేదు.

ఆపరేషన్ రోజు రాత్రి నొప్పి విపరీతంగా పెరిగినా, కన్ను ముందుకు పొడుచుకొచ్చినా, చూపు తగ్గినా వెంటనే డాక్టరును పిలవండి. కంటి వెనక రక్తం చేరితే నిమిషాల లెక్కే. రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచే తుమ్మాలి. ఆ వైపు పడుకోకూడదు, మెత్తటి అన్నమే పెట్టండి. మొద్దుబారడం తగ్గడానికి నెలలు పట్టొచ్చు, కొందరిలో కొంత మిగిలిపోతుంది కూడా. అప్పటిదాకా టీ బాగా చల్లార్చి ఇవ్వండి, పెదవి కాలినా అతనికి తెలియదు.